ఆ ఒక్క ఏడాది ఎవరిది?

వరంగల్‌లోని మా ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి వస్తే మొదట బస్తాలోకి తేమ మీటరు గుచ్చుతారు. 8 శాతం లోపు ఉంటే భారత పత్తి సంస్థ (సీసీఐ) వాళ్లు పూర్తి మద్దతు ధర ఇస్తారు. అది దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే అసలు కొనరు. మిర్చి సంగతి వేరు. అక్కడ వ్యాపారి కంటితో రంగు చూస్తాడు, కాయ విరిచి గలగల వింటాడు, అరచేతిలో నలిపి ఘాటు పసిగడతాడు. తేజ రకానికి కారమే ధర, చపాటకు రంగే ధర. కారం కాప్సైసిన్ అనే అణువుది, ఎరుపు కాప్సాంథిన్ అనే మరో అణువుది. చపాటలో మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే కారణం ఆ ఎరుపే.

నా చిన్నతనంలో ఈ యార్డు లేదు. మా నాయిన పంటను బండికెత్తి వరంగల్ లక్ష్మీపురం మార్కెట్టుకు తోలేవాడు. అక్కడ ఆడ్తీదారు తేమ అని కొంత, తాలు అని కొంత, తరుగు అని ఇంకొంత తీసేసేవాడు. ఆ తీసివేతలకు లెక్క ఏమిటో నాయినకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. దడ్వాయి కాంటా వేసి ఎంత చెబితే అంత. వస్తువులో ఏముందో తెలిసినవాడిదే ధర అన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. వస్తువులో ఏముందో చెప్పే చదువు ఒకటుందని, దాని పేరు కెమిస్ట్రీ అని తెలియడానికి మాత్రం 1966 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడే నేను సుబేదారి కాలేజీలో పీయూసీలో చేరాను.

పీయూసీ అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు. హెచ్.ఎస్.సి. అయ్యాక, డిగ్రీకి ముందు, ఒకే ఒక్క ఏడాది. ఆ పేరు గుర్తున్నవాళ్లం ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లమే. బడికీ విశ్వవిద్యాలయానికీ నడుమ ఉన్న ఆ ఏడాదిని ఎవరు నడపాలి, ఏ భాషలో నడపాలి, ఎక్కడ కూర్చోబెట్టి నడపాలి అన్న ప్రశ్నలకు మా ప్రాంతంలో వందేళ్లలో రకరకాల జవాబులు వచ్చాయి. రసాయనశాస్త్రం చదవదలచిన పల్లెటూరి పిల్లల తలరాతను చాలావరకు ఆ జవాబులే రాశాయి. నేను ఒకదానిలో చదివాను, రెండింటిలో పాఠం చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి జవాబు ఉర్దూలో వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అంతకుముందు ఏడాదే, 1917లో, దానికోసం దారుత్తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. భౌతిక, రసాయన శాస్త్రాల పుస్తకాలను ఉర్దూలోకి తేవడం దాని పని. దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయి సైన్సు చెప్పాలన్న ఆ పూనిక ఆ రోజులకు చిన్నది కాదు. 1919లో తరగతులు మొదలైనప్పుడు అవి బి.ఏ. తరగతులు కావు, ఇంటర్మీడియట్ తరగతులు. అంటే విశ్వవిద్యాలయం తన పునాదిని తానే వేసుకోవడంతో మొదలైంది. నాకు ఇది ముఖ్యమైన విషయంగా తోస్తుంది.

సరిగ్గా అదే కాలంలో కలకత్తాలో మైకేల్ సాడ్లర్ నాయకత్వాన ఒక కమిషన్ కూర్చుంది. 1917 నుంచి 1919 దాకా పనిచేసి, ఇంటర్మీడియట్ విశ్వవిద్యాలయానిది కాదు, బడి వైపుది, దానికి వేరే కాలేజీలు, వేరే బోర్డు ఉండాలి అని చెప్పింది. హైదరాబాదులో ఒకరు ఆ ఏడాదులను విశ్వవిద్యాలయం లోపలికి తెచ్చుకుంటుంటే, కలకత్తాలో మరొకరు బయటికి పంపమంటున్నారు. ఆ తగవు ఇప్పటికీ తెగలేదు.

వరంగల్ వైపు 1927లో కాలేజియేట్ హైస్కూలు వచ్చింది. ఇవాళ సుబేదారిలో యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ అని పిలుచుకునే సంస్థకు మూలం అదే. చాలాకాలం అక్కడ ఇంటర్మీడియట్ వరకే చదువు, డిగ్రీ కావాలంటే హైదరాబాదు రైలెక్కాలి. బోధన అంతా ఉర్దూ. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, చదువులో ఉర్దూ. మా ఎనుమాముల లాంటి ఊళ్లలో కరణాల, దేశ్‌ముఖుల ఇళ్ల పిల్లలకు తప్ప ఆ గడప దొరకలేదు. 1938లో వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. హనుమకొండలో చదువుకుంటూ ఆ ఉద్యమంలో బయటికి వచ్చి నాగపూర్ దారి పట్టినవాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు. ఆయన పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

1948 తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దేశమంతటా చదువు అంతస్తులను మళ్లీ కట్టే పని మొదలైంది. 1952లో వేసిన సెకండరీ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్, మన కర్నూలులో పుట్టినవాడు. రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను తీసేయండి, ఒక ఏడాది బడికి కలపండి, ఒక ఏడాది డిగ్రీకి కలిపి దాన్ని మూడేళ్లు చేయండి అని ఆ కమిషన్ చెప్పింది. బళ్లు ఇంకా ఆ స్థాయికి ఎదగలేదు కనుక, హైస్కూలు నుంచి వచ్చేవాళ్లకు విశ్వవిద్యాలయమే ఒక ఏడాది పాటు సంసిద్ధత చదువు చెప్పాలంది. ఆ సంసిద్ధత ఏడాదే పీయూసీ. మల్టీపర్పస్ హయ్యర్ సెకండరీ బళ్లలో చదివినవాళ్లు పీయూసీతో పనిలేకుండా నేరుగా డిగ్రీలో చేరేవారు. మాలాంటి మామూలు హైస్కూలు పిల్లలకు మాత్రం పీయూసీ దాటితేనే డిగ్రీ.

దాటడం తేలిక కాదు. జూన్‌లో చేరితే మార్చికల్లా పరీక్ష. బడిలో తెలుగులో చదివిన సైన్సంతా ఇంగ్లీషులోకి మారిపోయింది. మొదటి వారాల్లో లెక్చరర్ గారు చెప్పేది వినిపించేది కానీ లోపలికి దిగేది కాదు. నోట్సులో నేను ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ని. రాత్రి లాంతరు ముందు కూర్చుని వాటికి ఇంగ్లీషు స్పెల్లింగులు వెతుక్కునేవాణ్ని. ఎనుమాముల నుంచి దేశాయిపేట మీదుగా, పోచమ్మ మైదాన్ దాటి, ములుగు రోడ్డు పట్టుకుని హనుమకొండ చౌరస్తా, అక్కడినుంచి సుబేదారి. సైకిలు తొక్కుతూ ఆ దారి పొడుగునా మూలకాల గుర్తులు వల్లె వేసేవాణ్ని. సోడియంకు ఎన్ఏ ఎందుకు, పొటాషియంకు కే ఎందుకు అన్నది ఎవరూ చెప్పలేదు, వల్లె వేయడమే.

థియరీ అట్లా నడిచింది. నన్ను నిలబెట్టింది ల్యాబు.

ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు డిగ్రీ వాళ్లదీ, మాదీ ఒక్కటే. ఒక వైపు బి.ఎస్సీ. ఫైనల్ వాళ్లు, మరో వైపు పీయూసీ వాళ్లం. వాళ్లకు చెప్పే లెక్చరరే మాకూ చెప్పేవారు. నేను ఇక్కడ ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సంగతి దీనిమీదే నిలబడింది. పునాది ఏడాదిలో ఉన్న పిల్లవాడు, పక్క బల్ల మీద తనకంటే మూడేళ్లు ముందున్నవాడు ఏం చేస్తున్నాడో చూస్తాడు. ఎక్కడికి పోవాలో కళ్లముందు కనబడుతుంది. లెక్చరర్ కూడా పీయూసీ పిల్లవాడికి పిపెట్ పట్టుకోవడం నేర్పేటప్పుడు, రేపు బి.ఎస్సీ.లో వీడితో పర్మాంగనేట్ టైట్రేషన్ చేయించాల్సింది నేనే కదా అని నేర్పుతాడు. ఇవాళ వదిలేసిన తప్పు రేపు తన బల్ల మీదికే వస్తుంది.

మాకు ఇచ్చినవి రెండు పనులు. ఒకటి టైట్రేషన్, రెండోది సాల్ట్ అనాలిసిస్.

టైట్రేషన్‌కు ముందు తూకం. ఆక్సాలిక్ యాసిడ్ స్ఫటికాల తుల్యభారం 63. డెసినార్మల్ ద్రావణం కావాలంటే లీటరుకు 6.3 గ్రాములు, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కుకైతే 1.575 గ్రాములు. ఆ మూడో దశాంశ స్థానం కోసం గాజు పెట్టెలో ఉన్న త్రాసు ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. పెట్టె తలుపు తెరిచి ఉంటే గాలికి పళ్లెం కదులుతుంది. బరువురాళ్లను చేత్తో ముట్టకూడదు, చిమ్టాతో తీయాలి, చేతి చెమట కూడా బరువే. మార్కెట్ కాంటా దగ్గర కిలోలకు కిలోలు గాలికి పోవడం చూసి పెరిగిన పిల్లవాణ్ని నేను. ఒక గ్రాములో వెయ్యో వంతుకు ఇంత మర్యాద ఉంటుందని తెలిసిన రోజు నాకు ఆ చదువు మీద నమ్మకం కుదిరింది. ఇక్కడ ఎవడూ తరుగు తీయడు. బ్యూరెట్‌లోంచి క్షారం చుక్క చుక్కగా జారి, ఫినాల్ఫ్తలీన్ వేసిన ఆమ్లం లేత గులాబీ రంగుకు తిరిగినచోట ఆపాలి. రెండు రీడింగులు కలవకపోతే మూడోది చేయాలి. పెద్దవాడైనా చిన్నవాడైనా లెక్క ఒక్కటే.

సాల్ట్ అనాలిసిస్ మరో లోకం. ఒక తెల్లటి పొడి ఇస్తారు, అందులో లోహం ఏదో, ఆమ్ల భాగం ఏదో చెప్పాలి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెల్లటి అవక్షేపం వస్తే మొదటి గ్రూపు, సీసం కావచ్చు. రాకపోతే అదే ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపాలి. నల్లగానో పచ్చగానో దిగితే రెండో గ్రూపు. అదీ కాకపోతే అమ్మోనియం క్లోరైడు, అమ్మోనియా కలిపి ఇనుమునో అల్యూమినియంనో వెతకాలి. అట్లా ఆరో గ్రూపు మెగ్నీషియం దాకా. మంటలో పెడితే బేరియం ఆకుపచ్చగా, స్ట్రాన్షియం కుంకుమ ఎరుపుగా, కాల్షియం ఇటుక ఎరుపుగా కనిపిస్తాయి. నైట్రేటు ఉంటే పరీక్షనాళికలో రెండు ద్రవాల సరిహద్దులో గోధుమరంగు వలయం కడుతుంది. ఈ పద్ధతి ఒక తర్కం. కాదు అన్నవాటిని వరుసగా తీసేస్తూ ఔను అన్నదాని దగ్గరికి చేరడం. పదిహేనేళ్ల వయసులో ఆ తర్కం చేతివేళ్లకు పడితే మనిషి ఆలోచించే తీరే మారుతుంది. నా తరువాత జీవితంలో ఏ విషయంలోనైనా ఇదే పద్ధతిలో వెళ్లాను.

హైడ్రోజన్ సల్ఫైడ్ కోసం ల్యాబు వెనక గదిలో కిప్ ఉపకరణం ఉండేది. ఫెర్రస్ సల్ఫైడు ముక్కల మీద సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పడి వాయువు వచ్చేది. కుళ్లిన గుడ్డు వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వచ్చేది. ఆ గదిని చూసుకునే అటెండరు పెద్దవాడు, ఉర్దూ జమానా నుంచి ఉన్నవాడు. ‘‘నిదానం బేటా, గ్యాస్ ఉరికిపోదు’’ అనేవాడు. మేం ఆయన్ను ‘‘చాచా’’ అనేవాళ్లం. ఏ సీసాలో ఏముందో మూత వాసనతో చెప్పేవాడు. రీడింగు తప్పుగా రాస్తున్న పిల్లవాణ్ని లెక్చరర్ కంటే ముందు పట్టేవాడు.

ఒకనాడు నా వేలి వెండి ఉంగరం నల్లబడి ఇంటికి వచ్చింది. అవ్వ చూసి భయపడింది. ‘‘ఏం సదువు కొడుకా ఇది, వెండిని కూడ నలుపు జేస్తున్నది?’’ అని అడిగింది. వెండికి ఆ గాలి తగిలి సిల్వర్ సల్ఫైడు అయిందని ఆమెకు చెప్పాను. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు గానీ, చింతపండుతో తోమి తెల్లగా చేసి ఇచ్చింది. పులుపు లోహం మీది మరకను ఎట్లా తీస్తుందో నాకు అప్పటికి తెలియదు. లెక్చరర్ గారిని అడిగితే ఆయన పాఠం పక్కన పెట్టి ఆ పీరియడంతా టార్టారిక్ ఆమ్లం గురించి చెప్పారు. పీయూసీకి ఆ తీరిక ఉండేది. సిలబస్ పెద్దదే, రోజులు తక్కువే, అయినా ఆ తీరిక ఉండేది.

ఆ ఏడాదికి అంత పట్టింపు రావడానికి ఊళ్లో జరిగిన మరో మార్పు కూడా కారణం. 1959లో కాజీపేట దగ్గర రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి నెహ్రూ పునాదిరాయి వేశారు. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. దాంతో సైన్సు చదివితే ఇక్కడే, కన్న ఊరి పక్కనే ఒక దారి ఉందని రైతు ఇళ్లలో తెలిసింది. నాకు ఆ రెండూ అందలేదు. అందనందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. బి.ఎస్సీ.లో చేరాను, అదే ల్యాబులో ఫైనల్ వాళ్ల బల్ల మీదికి చేరాను.

1969లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. జనవరి నుంచి తెలంగాణ ఉద్యమం లేచి కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. ఆ గొడవల నడుమనే, 1969-70 విద్యాసంవత్సరం నుంచి, పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1964-66లో భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారీ నాయకత్వంలోని కమిషన్, పీయూసీని విశ్వవిద్యాలయాల చేతినుంచి తీసి పాఠశాల దశకు చేర్చాలని చెప్పింది. దాని ఫలితం ఇది. చాలా హైస్కూళ్లను, మల్టీపర్పస్ బళ్లను జూనియర్ కాలేజీలుగా మార్చారు. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. కలకత్తాలో సాడ్లర్ చెప్పిన మాట యాభై ఏళ్ల తరువాత మా వరంగల్‌లో అమలైంది.

దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు, అది ముందు చెప్పాలి. జూనియర్ కాలేజీలు తాలూకా కేంద్రాలకు, ఆ తరువాత మండలాలకు పాకాయి. పరకాల, నర్సంపేట, జనగామ పిల్లలు వరంగల్ దాకా రాకుండానే సైన్సు గ్రూపు చదివారు. ఆడపిల్లలు చదివారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్‌కూ, తరువాత డిగ్రీకీ రసాయనశాస్త్రాన్ని తెలుగులో పుస్తకాలుగా వేసింది. దానికి మొదటి అధ్యక్షుడు పీవీ నరసింహారావే. నేను లాంతరు ముందు పడ్డ అవస్థ నా విద్యార్థులు పడలేదు. ఆమ్లం, క్షారం, లవణం, అవక్షేపం, ఉత్ప్రేరకం అన్న మాటలతో వాళ్లు నేరుగా విషయంలోకి వెళ్లారు. ఆ పుస్తకాలు పట్టుకుని పాఠం చెప్పిన మొదటి తరం లెక్చరర్లలో నేనొకణ్ని. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సంతోషపడతాను.

పోయిందేమిటంటే, పక్క బల్ల. జూనియర్ కాలేజీలో బి.ఎస్సీ. లేదు, బి.ఎస్సీ. చెప్పే లెక్చరర్ లేడు. బడి ల్యాబే కాలేజీ ల్యాబు అయింది. ఇంటర్ చెప్పేవాడికి తన పిల్లలు డిగ్రీలో ఏం చేయబోతున్నారో చూసే అవకాశం లేదు, డిగ్రీ చెప్పేవాడికి వాళ్లు ఏం నేర్చుకుని వచ్చారో తెలియదు. 1980ల నడిమి నుంచి ఎంసెట్ ప్రవేశ పరీక్ష వచ్చాక ఆ సందు ఇంకా పెరిగింది. 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీకి 40. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తుపట్టడమే కెమిస్ట్రీ అయింది. బ్యూరెట్ కడగడం వస్తే ర్యాంకు రాదు కదా. చాలాచోట్ల ప్రాక్టికల్స్ పరీక్షకు ముందు కొద్ది రోజుల తంతుగా మిగిలాయి. సాల్ట్ పేరు ముందే తెలుసుకుని, పట్టికను వెనకనుంచి ముందుకు నింపిన రికార్డులను ఎక్స్‌టర్నల్‌గా పోయినప్పుడు నేను కళ్లారా చూశాను. పిల్లల మీద కోపం రాలేదు. తీసేస్తూ తీసేస్తూ చేరుకునే ఆ తర్కం వాళ్లకు ఎవరూ అందించలేదే అని దుఃఖం వచ్చింది.

ఈ మధ్యలోనే, ఎవరూ పెద్దగా గుర్తించని చోట, పునాది ఏడాది మరో రూపంలో తిరిగి వచ్చింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామరెడ్డి. తరువాత ఢిల్లీలో ఇగ్నోను నిలబెట్టింది కూడా ఆయనే. 1991లో ఈ విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులు ఉండేవి.

ఈ ఆలోచనకు నమూనా ఇంగ్లండులోని ఓపెన్ యూనివర్సిటీ. 1971లో వాళ్లు ఏ అర్హతా అడగకుండా విద్యార్థులను చేర్చుకుని, ఎస్ 100 అనే సైన్సు ఫౌండేషన్ కోర్సు మొదలుపెట్టారు. రసాయనాలు, గాజు సామాను, చిన్న మైక్రోస్కోపు సహా ఒక ప్రయోగాల పెట్టెను ఇంటికే పోస్టులో పంపేవారు. వంటగది బల్ల మీద టైట్రేషన్ చేసిన గృహిణులు, బస్సు కండక్టర్లు డిగ్రీలు తీసుకున్నారు. మన దగ్గర పెట్టె పంపే స్తోమత లేదు. అందుకని స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజుల్లో కాలేజీల ల్యాబులు వాడుకున్నారు.

నేను కొన్నేళ్లు అట్లాంటి ఒక స్టడీ సెంటర్‌లో కౌన్సిలర్‌గా ఆదివారాలు పాఠం చెప్పాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ ఇష్టంగా చేసిన పని అది. వచ్చేవాళ్లు నా కంటే పెద్దవాళ్లు కూడా. పోస్టాఫీసు ఉద్యోగులు, ఎంజీఎం ఆసుపత్రి నర్సులు, బళ్లలో పనిచేసే సెకండరీ గ్రేడ్ టీచర్లు. వాళ్లలో ఒకాయన ఆజంజాహి మిల్లులో రంగుల ఖాతాలో పనిచేసేవాడు. 1934లో నిజాం ప్రభుత్వం పెట్టిన మిల్లు అది, అప్పటికే దాని రోజులు బాగాలేవు. నూలుకు రంగు వేసే తొట్టిలో ఉప్పు కలపాలని ఆయనకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఎందుకో తెలియదు. నీళ్లలో పత్తి పోగు మీద కొంత రుణావేశం ఉంటుంది, రంగు అణువు మీదా రుణావేశమే ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఉప్పులోని సోడియం అయాన్లు ఆ తోపుడును తగ్గిస్తే రంగు పోగును పట్టుకుంటుంది అని బల్ల మీద గీసి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ బొమ్మ చూసి, ‘‘సార్, ఎండకాలం ఉప్పు ఎక్కువ కావాలె. వేడికా?’’ అని అడిగాడు. ఔను, నీళ్లు వేడెక్కే కొద్దీ రంగు మళ్లీ నీళ్లలోకే పోవాలని చూస్తుంది. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోంచీ రాలేదు. నేను డిగ్రీ తరగతుల్లో అంత మంచి ప్రశ్న అరుదుగా విన్నాను. ఫౌండేషన్ ఏడాది అంటే వెనకబడినవాళ్లకు దయతో వేసే ముద్ద అనుకునేవాళ్లు అట్లాంటి ఒక ఆదివారం చూసి ఉండాల్సింది.

2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, పదో తరగతి పాసైన పల్లె పిల్లలను నేరుగా తీసుకుని ఆరేళ్ల చదువు పెట్టారు. మొదటి రెండేళ్ల పేరు మళ్లీ పీయూసీ. పేపర్లో ఆ మాట చూసినప్పుడు నాకు చాలా సంబరం కలిగింది. పునాదిని విశ్వవిద్యాలయం మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. కానీ అది ఇంజనీరింగుకు. కెమిస్ట్రీ అక్కడ దారిలో వచ్చే మజిలీ మాత్రమే. రసాయనశాస్త్రానికి మన విశ్వవిద్యాలయాల్లో అయిదేళ్ల సమగ్ర ఎం.ఎస్సీ. ఉంది, అది ఇంటర్ తరువాత మొదలవుతుంది. ఇంగ్లండులో ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు కెమిస్ట్రీ డిగ్రీకి ముందు ‘ఫౌండేషన్ ఇయర్’ అని ఒక ఏడాది కలుపుతాయి. అదే క్యాంపస్, అదే ల్యాబు, పక్క బల్ల మీద బి.ఎస్సీ. వాళ్లు. మేం 1966లో సుబేదారిలో చేసిందే అది.

ఇప్పుడు కెమిస్ట్రీ చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చే పిల్లల సంగతి చెబుతాను. ఎనుమాముల, పైడిపల్లి, బాలాజీనగర్‌ల నుంచి వస్తారు. నాయిన యార్డులో హమాలీ, అమ్మ మిర్చి తొడిమలు తీసే కూలి. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పద్ధతి ‘దోస్త్’లో సీటు వచ్చి బి.ఎస్సీ. మొదటి సెమిస్టరులో చేరినవాళ్లు. ఇంటర్‌లో మార్కులు తొంభైల్లో ఉంటాయి. మోలారిటీ సూత్రం గడగడ చెబుతారు. 1.575 గ్రాములు తూచి 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత దాకా నీళ్లు పోయమంటే, గీతను కన్ను ఎత్తుకు తెచ్చి చూడాలని తెలియదు. వాళ్ల బుద్ధిలో లోపం లేదు, ఒక్కసారి చూపిస్తే రెండోసారి నాకంటే బాగా చేస్తారు. కానీ కాలేజీలో అప్పటికే సెమిస్టరు పరుగెడుతుంటుంది, ఇంటర్‌లో ఇదంతా అయిపోయిందనే లెక్కతో. అందుకే మొదటి ఏడాదిలోనే చాలామంది ఈ సబ్జెక్టు మీద ఆశ వదులుకుంటారు. హైదరాబాదు చుట్టూ ఉన్న మందుల కంపెనీలకు కెమిస్టులు కావాలి. ఆ పరిశ్రమకు నారు పోసింది బాలానగర్ ఐడీపీఎల్. అందులో పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అట్లా మొదలైన పరిశ్రమలో ఇవాళ కూడా క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో మొదట అడిగేది తూకం, టైట్రేషన్, రికార్డు నిజాయితీగా రాయడం. మా పీయూసీ ఏడాదిలో నేర్పిన ఆ మూడే.

పీయూసీని తిరిగి తెమ్మని నేను అడగను. జూనియర్ కాలేజీలు వచ్చి పల్లెలకు చేసిన మేలును వెనక్కి తిప్పకూడదు. నేను అడిగేది ఇంతే. ఇంటర్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. డిగ్రీ తరగతులు మొదలయ్యేసరికి జూలై అవుతుంది. ఆ నడుమ నెలల్లో ఎనిమిది వారాలు, కెమిస్ట్రీ చదవదలచిన పిల్లలను డిగ్రీ కాలేజీ ల్యాబులోకి పిలవాలి. మార్కులు లేకుండా, బిట్లు లేకుండా. మొదటి రెండు వారాలు తూకమే. ఆ తరువాత రెండు వారాలు పిపెట్, బ్యూరెట్. మిగతా నెల సాల్టులు, ఒక్కొక్కరికి వేరే వేరే పొడి, పేరు ఎవరికీ ముందు చెప్పకుండా. పిల్లలకు చెప్పేది వచ్చే ఏడాది వాళ్లకు పాఠం చెప్పబోయే లెక్చరర్లే అయి ఉండాలి, పక్క బల్ల మీద ఫైనల్ ఇయర్ పిల్లలు ఉండాలి. కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో ఇందుకు కావలసిన ల్యాబులు ఇప్పటికే ఉన్నాయి, కొత్త భవనం అక్కర్లేదు. గాజు సామాను, కొన్ని కిలోల రసాయనాలు, పిల్లలకు మధ్యాహ్నం అన్నం. చెప్పేవాళ్లు చాలకపోతే, వరంగల్‌లో, హనుమకొండలో రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్లం ఇంకా చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వస్తాం.